సోమవారం ఆఫీసుకీ, ఆదివారం ట్రాక్‌కీ ఒకే కారు: పీణ్యా గ్యారేజీలో చేయించిన పనిపై నా రివ్యూ

సొంత కారుని అప్పుడప్పుడు రేసు ట్రాక్ మీదికి తీసుకెళ్లి, మళ్లీ అదే కారులో ఆఫీసుకి వెళ్లాలనుకునే బెంగళూరు వాళ్లకి పీణ్యాలో నేను పని చేయించుకున్న గ్యారేజీ కన్నా మంచి చోటు నాకింకా కనపడలేదు. దానికి బోర్డు లేదు. రెండు కార్లు పెడితే షెడ్డు నిండిపోతుంది. ఇప్పుడున్న పనే ఎక్కువైందని, పేరూ నంబరూ ఎక్కడా రాయొద్దని యజమాని అడిగారు. అందుకే ఆ రెండూ రాయడం లేదు. ఆయన ఏం చేశారో, ఎందుకు చేశారో వివరంగా రాస్తున్నాను. ఇదే పని ఇంకెక్కడైనా చేయించుకునేవాళ్లకి ఏం అడగాలో తెలుస్తుంది.

నాది బీఎండబ్ల్యూ ఎం 340 ఐ. చెన్నై దగ్గరి ప్లాంటులోనే బిగించి అమ్ముతున్న కారు. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, 500 న్యూటన్ మీటర్ల టార్క్, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. చూడ్డానికి నాలుగు తలుపుల సెడాన్. వెనక సీట్లో మా అమ్మ కూర్చుంటుంది, డిక్కీలో నెల్లూరు నుంచి తెచ్చే బియ్యం మూట పడుతుంది. కానీ బరువు 1,700 కిలోలు దాటుతుంది. ట్రాక్ మీద కథంతా ఆ బరువు దగ్గరే మొదలవుతుంది.

మొదట ఇంకో చోటికి వెళ్లాం. నగరంలో బాగా పేరున్న, గాజు గోడల షాపు. కారు నాది, నడిపేది నేను, ప్రశ్నలు అడిగింది నేను. ఆ కుర్రాడు మాత్రం ప్రతి జవాబూ మా ఆయన మొహం చూసి చెప్పాడు. చెప్పిందైనా పనికొచ్చేదా అంటే, మొదటి మాటే స్టేజ్ వన్ రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చడం), రెండోది డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి వెళ్లే గొట్టం), మూడోది సైలెన్సర్ నుంచి టపటపా పేలే శబ్దం. బ్రేకుల గురించి నేనే ఎత్తితే "ఎం స్పోర్ట్ బ్రేకులే కదా సార్, చాలు" అన్నాడు, అదీ మా ఆయనతో. అక్కడ ఇంకో నిమిషం కూడా ఉండాలనిపించలేదు.

పీణ్యా ఆయనది హిందూపురం. తెలుగులో మొదలుపెట్టి, మధ్యలో కన్నడంలోకి వెళ్లి, మళ్లీ తెలుగులోకి వస్తారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, టార్చి వేసి చక్రాల సందుల్లోంచి డిస్కులు చూసి, నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "మేడమ్, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించారు?"

ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో కాస్త లెక్కతో చెప్తాను. కారూ నేనూ పెట్రోలూ కలిపి సుమారు 1,800 కిలోలు అనుకోండి. 180 కిలోమీటర్ల వేగం నుంచి 90కి తగ్గాలంటే బ్రేకులు దాదాపు 17 లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. ఐదు లీటర్ల చల్లటి నీళ్లని మరిగే దాకా తేవడానికి పట్టే వేడి అది. అదంతా మూడున్నర సెకన్లలో జరగాలి. అంటే ఆ కాసేపు బ్రేకులు చేసే పని, ఇంజన్ శాయశక్తులా ఇచ్చే పవరుకి ఒకటిన్నర రెట్ల పైమాటే. రోడ్డు మీద అలాంటి బ్రేకు ఎప్పుడో ఒకసారి వేస్తాం. ట్రాక్ మీద ప్రతి ల్యాప్‌లో, డిస్కులు చల్లారే వ్యవధి లేకుండా, వేస్తూనే ఉంటాం.

ఆ వేడి డిస్కు నుంచి ప్యాడ్‌కి, ప్యాడ్ నుంచి దాన్ని డిస్కు మీద నొక్కే క్యాలిపర్ పిస్టన్‌కి, పిస్టన్ నుంచి లోపలి ఫ్లూయిడ్‌కి, అంటే బ్రేక్ ఆయిల్‌కి, చేరుతుంది. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు పెడల్ తొక్కితే కాలు మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. పైగా బ్రేక్ ఫ్లూయిడ్‌కి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టిన ఫ్లూయిడ్‌కి ఆ హద్దు 155 డిగ్రీలు మాత్రమే. అందుకే రోడ్డు కార్లకి కూడా రెండేళ్లకోసారి మార్చమంటారు.

ఆయన నా కారులోని ఫ్లూయిడ్ చుక్కలు కొన్ని తీసి, వేడి చేసి మరుగు స్థానం చూపించే చిన్న మీటర్‌లో పెట్టారు. 180కి కాస్త అటూ ఇటూగా చూపించింది. మీటరు నా వైపు తిప్పి, "ఇది ఆఫీసుకి చాలు, ట్రాక్‌కి చాలదు" అన్నారు. చేతిలో పెట్టి చూపించాక వాదించడానికి ఏముంది?

పోసింది మోతుల్ ఆర్‌బీఎఫ్ 600. కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం 312 డిగ్రీలు, తేమ పట్టాక సుమారు 205. సీల్ ఉన్న సీసాలు నా ముందే తెరిచారు. ఒకసారి తెరిచిన సీసాలో మిగిలింది ఇంకో కారుకి వాడరు, ఎందుకంటే మూత తీసిన క్షణం నుంచే అది తేమ పట్టడం మొదలవుతుంది. నాకు బాగా నచ్చినది తర్వాతి పని. ప్రెషర్ బ్లీడర్ (ఒత్తిడితో కొత్త ఫ్లూయిడ్‌ని లోపలికి తోసే పరికరం) తగిలించి నాలుగు చక్రాల దగ్గరా పాత ఫ్లూయిడ్ తీసేస్తే సగం పని అయినట్టే. ఏబీఎస్ యూనిట్ లోపలి దారుల్లో కొంత పాతది దాక్కుని ఉంటుంది. ఆయన ల్యాప్‌టాప్‌లో బీఎండబ్ల్యూ డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ యూనిట్‌లోని పంపుని నడిపించి, అది బుర్రుమంటూ ఉండగా మళ్లీ ఒక్కో చక్రం దగ్గర బ్లీడ్ చేశారు. పారదర్శకంగా ఉన్న గొట్టంలో ముందు టీ డికాక్షన్ రంగు వచ్చింది, మధ్యలో రెండు మూడు సన్న బుడగలు, ఆ తర్వాత లేత పసుపు. రంగు తేలిపడ్డాక కూడా ఆయన నిపిల్ వెంటనే బిగించలేదు, ఇంకాసేపు పోనిచ్చారు. పని అయ్యాక కారు స్టార్ట్ చేసి నన్నే కూర్చోబెట్టి పెడల్ తొక్కమన్నారు. పెడల్ అంతకు ముందు కన్నా పైనే, గట్టిగా ఆగింది.

ప్యాడ్ల విషయంలో రాజీ పడక తప్పదు. పూర్తి రేసింగ్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. ఆఫీసుకి వెళ్లే దారిలో మొదటి సిగ్నల్ దగ్గర అది ప్రమాదం. కంపెనీ ప్యాడ్లేమో ట్రాక్ వేడికి తట్టుకోవు. పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ పట్టు తగ్గిపోతుంది. ఫ్లూయిడ్ మరగడానికీ ప్యాడ్ చేతులెత్తేయడానికీ తేడా కాలికి ఇలాగే తెలుస్తుంది, ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆయన మధ్యరకం ప్యాడ్లు వేశారు, చల్లగా ఉన్నా పట్టేవి, వేడి కూడా ఓర్చుకునేవి. క్యాలిపర్లు, డిస్కులు కంపెనీవే ఉంచారు.

వేయడంతో పని అయిపోదు. బెడ్డింగ్ చేయాలి, అంటే కొత్త ప్యాడ్లని డిస్కులకి అలవాటు చేయాలి. తెల్లవారుజామున తుమకూరు రోడ్డు వైపు ఖాళీగా ఉన్న సర్వీసు రోడ్డు మీద, ఆయన పక్క సీట్లో కూర్చుని నాతోనే చేయించారు. వేగం అందుకోవడం, గట్టిగా బ్రేకు వేసి బాగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవడం. ప్యాడ్ పదార్థం డిస్కు మీద సన్నటి పొరలా సమానంగా పరుచుకోవాలంటే ఇదే పద్ధతి. వేడి మీద పూర్తిగా ఆపి కాలు నొక్కి ఉంచితే ఆ ఒక్క చోటే పొర అంటుకుంటుంది. తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. చాలామంది డిస్కు వంగిపోయిందనుకునేది చాలాసార్లు ఇదే. బెడ్డింగ్ అయ్యాక డిస్కు మీద నీలం కలిసిన బూడిద రంగు పొర ఒకే తీరుగా కనపడింది. ఆయన వేలితో కాదు, టార్చితో చూపించారు. ముట్టుకోబోయిన నా చేతిని గబుక్కున ఆపేశారు.

టైర్ల గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే మార్చలేదు. ముందు 225, వెనక 255 వెడల్పు ఉన్న కంపెనీ సైజే ఉంచాం. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చుకోవడం కుదరదు. అలైన్‌మెంట్‌లో కంపెనీ ఇచ్చిన హద్దుల్లోపలే ఎంత వీలైతే అంత సర్దారు. ఇంకా క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) కావాలంటే అడిషనల్ ప్లేట్లు వేయాలి, అది వద్దన్నారు. ఫలితంగా ముందు టైర్ల బయటి అంచు త్వరగా అరుగుతుంది. ఆ మాట ముందే చెప్పారు. అరిగింది కూడా. తెలిసి ఒప్పుకున్న ఖర్చు కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆయన చేయనన్న పనులు చేసిన పనులంత విలువైనవి. నేను నాలుగు పాయింట్ల బెల్టు అడిగాను, వీడియోల్లో చూసి. రోల్ కేజ్ (బోల్తా పడినా పైకప్పు నలగకుండా లోపల బిగించే ఇనుప చట్రం) లేని కారులో అది పెట్టనన్నారు. కారు బోల్తా పడి పైకప్పు కిందికి నలిగితే మామూలు మూడు పాయింట్ల బెల్టులో ఒళ్లు పక్కకి ఒరుగుతుంది. భుజాల బెల్టులు మనిషిని నిటారుగా కట్టేస్తే ఒరగడానికి చోటుండదు. బకెట్ సీటు వేస్తే సీటులోని ఎయిర్‌బ్యాగ్ పోతుంది. కంపెనీ బెల్టు, కంపెనీ సీటు, ఎయిర్‌బ్యాగులు కలిపి డిజైన్ చేసినవని, అందులో ఒక్కటి తీసేస్తే మిగతావి సరిగ్గా పని చేయవని చెప్పారు. రీమ్యాప్ సంగతి కూడా అంతే. "ఇప్పుడున్న పవర్ మీరు మొత్తం వాడిన రోజు రండి, అప్పుడు మాట్లాడదాం." పని వద్దనుకుంటే డబ్బు పోయేది ఆయనకే. అయినా వద్దన్నారు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న, తయారీదారు నిర్దేశించిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరాకండిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైప్‌తో రోడ్డెక్కితే పొల్యూషన్ కేసు కూడా. అరిగిపోయే సామాను మంచివి వేసుకుని, మిగతా కారుని కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంచడం ఈ గ్యారేజీ పద్ధతి. రోజూ తిరిగే కారుకి ఇదే సరైన దారని నా గట్టి నమ్మకం. ఇన్సూరెన్స్ మాత్రం ఏం చేసినా ట్రాక్ మీద ఆదుకోదు. మన దేశంలో మామూలు మోటారు పాలసీలో వ్యవస్థీకృత రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకాన్ని మినహాయిస్తారు. గోడకి తగిలితే ఖర్చు మీదే అనుకుని వెళ్లండి.

ఇక అసలు పరీక్ష. బెంగళూరు నుంచి ఇరుంగట్టుకోట్టై సుమారు 300 కిలోమీటర్లు. మేం కోలారు, పలమనేరు, చిత్తూరు మీదుగా వెళ్లాం, దారిలో తెలుగు మాటా తెలుగు టిఫినూ దొరుకుతాయని. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. అంతకు ముందు షోలవరం విమానాల రన్‌వే మీద రేసులు నడిపినవాళ్లు, 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఈ ట్రాక్ తెరిచారు. 3.717 కిలోమీటర్ల చుట్టు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు, పాతవాళ్ల నోట ఇంకా ఎంఎంఆర్‌టీయే (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్).

బయల్దేరే ముందు గ్యారేజీ ఆయన ఒక సంచి ఇచ్చారు. అందులో మంచి ప్రెషర్ గేజ్, టైరులో గుచ్చి వేడి చూసే పైరోమీటర్, టార్క్ రెంచ్, ఒక గళ్ల నోటు పుస్తకం. వీటికి అద్దె తీసుకోలేదు, తిరిగి తెచ్చివ్వమన్నారంతే. చక్రాల బోల్టులు 140 న్యూటన్ మీటర్లకి బిగించి ఉన్నాయో లేదో ప్రతి సెషన్‌కి ముందూ చూడమని పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టారు. మా ఆయన ఆ పని నెత్తిన వేసుకున్నారు. నేను పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపి చూసుకునే చోటు) రాగానే టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా గుచ్చి అంకెలు రాసేవారు. మధ్యలో ఎక్కువ వేడి ఉంటే గాలి ఎక్కువైనట్టు. పొద్దున చల్లగా నింపిన గాలి, చెన్నై ఎండకి తోడు ట్రాక్ రాపిడికి, ఐదారు పీఎస్ఐ ఇట్టే పెరిగిపోతుంది. వేడి మీదే తగ్గించాం. తగ్గించాక మలుపులో ముందు చక్రాలు బయటికి జారడం బాగా తగ్గింది. పైసా ఖర్చు లేని ఆ ఒక్క మార్పు నా చేతులకి స్పష్టంగా తెలిసింది.

బ్రేకుల గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, సెషన్ మొదటి ల్యాప్‌లో పెడల్ ఎక్కడ ఆగిందో చివరి ల్యాప్‌లోనూ అక్కడే ఆగింది. పెద్ద స్ట్రెయిట్ చివర గట్టిగా తొక్కినప్పుడు ఇక అనుమానం లేదు. ఆ నమ్మకం కుదిరాక కళ్లు పెడల్ మీది భయం వదిలేసి మలుపు మీదికి వెళ్లాయి. ఇన్‌స్ట్రక్టర్ చెప్పే లైన్, అంటే మలుపులో కారు పట్టాల్సిన దారి, అప్పుడే వినపడటం మొదలైంది. ప్యాడ్ల వాసన వచ్చింది, అది మామూలే. చివరి ల్యాప్ బ్రేకు దాదాపు వాడకుండా నెమ్మదిగా తిరిగి, పిట్‌లో పార్కింగ్ బ్రేకు వేయకుండా చక్రానికి చెక్క ముక్క అడ్డం పెట్టి, కాసేపయ్యాక కారుని అడుగు వెనక్కి జరిపాం. వేడి ప్యాడ్ ఒకే చోట అంటుకుపోకుండా చేసే ఈ పద్ధతి కూడా పుస్తకంలో ఉంది.

సాయంత్రం అక్కణ్నించి నెల్లూరు వెళ్లాం. టైర్లలో గాలి మళ్లీ రోడ్డుకి తగ్గట్టు నింపుకోవడం తప్ప ఇంకేమీ మార్చే పని లేదు. మర్నాడు పొద్దున అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆ కారులోనే. ట్రంకు రోడ్డు మలుపు దగ్గర బ్రేకు తొక్కగానే, "ఏందిమే ఆ కుయ్యోమనే శబ్దం, బండి బాగాలేదా?" అంది అమ్మ. ఆ కూత నిజం. ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా తొక్కితే కూస్తాయి. బెంగళూరు ట్రాఫిక్‌లో పక్క ఆటోవాళ్లు తిరిగి చూస్తారు. చక్రాల మీద నల్లటి పొడి కూడా పాత ప్యాడ్ల కన్నా చాలా ఎక్కువ పడుతుంది. వారం వారం కడగకపోతే గట్టిగా అంటుకుంటుంది. రోజూ వాడే కారులో ఈ శబ్దం భరించలేనివాళ్లు, ట్రాక్‌కి వెళ్లే ముందు ప్యాడ్లు మార్చి, వచ్చాక పాతవి వేయించుకోవడం మేలు. ఆ పని ఆయన చేస్తారు, గంట పడుతుంది.

గ్యారేజీ మీద నా ఫిర్యాదులూ ఉన్నాయి. గురువారం ఇస్తానన్న కారు శనివారం ఇచ్చారు, అదీ నేను ఫోన్ చేసి అడిగితేనే. ఆలస్యమవుతుందని ముందే ఒక మెసేజ్ పెడితే ఏం పోయింది? ఏ సామానుకి ఎంత అని కాగితం మీద విడివిడిగా రాయించుకోవడానికి పట్టుబట్టాల్సి వచ్చింది. కూర్చోవడానికి ఒక స్టూలు తప్ప ఏమీ లేదు, ఆడవాళ్లకి బాత్‌రూమ్ కూడా లేదు. పక్క ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి వెళ్లాలి. నాలా సొంతంగా కారు తెచ్చుకునే ఆడవాళ్లు ఇంకా వస్తారు, కాబట్టి ఇది సరిచేయాల్సిన విషయమని ఆయనకి ముఖాన్నే చెప్పాను. చూస్తానన్నారు.

ఖర్చు లక్ష దాటింది, అందులో సింహభాగం ప్యాడ్లదే. ఫ్లూయిడ్, బ్లీడింగ్, అలైన్‌మెంట్ కలిపినా ప్యాడ్ల దరిదాపుల్లోకి రాలేదు. చేతిలో డబ్బు తక్కువుంటే ముందు ఫ్లూయిడ్ ఒక్కటి మార్పించుకుని, కంపెనీ ప్యాడ్లతోనే చిన్న సెషన్లు తిరగండి, కాలికి పట్టు తగ్గినట్టు అనిపించగానే పిట్‌లోకి వచ్చేయండి. ట్రాక్ డే (సొంత కారుతో ట్రాక్ మీద తిరిగే రోజు) తర్వాత ఫ్లూయిడ్ మళ్లీ పరీక్షించుకోవాలి. మాది ఆయన మీటర్‌లో పెట్టి చూసి, ఇంకొన్నాళ్లు వాడొచ్చన్నారు. కారు ఇచ్చేటప్పుడు మాత్రం ట్రాక్ డేకి కనీసం వారం ముందు ఇవ్వండి. ఆయన రెండు రోజులు ఆలస్యం చేసినా, బెడ్డింగ్‌కి ఒక తెల్లవారుజాము మిగలాలి.